ఈ శనివారం హార్స్‌రాడిష్ సాస్ ఉండదు

పోయిన శనివారం నా దగ్గర హార్స్‌రాడిష్ (ఆవలా ముక్కుకెక్కే ఘాటు వేరు) సాస్ కొన్నవాళ్లందరికీ క్షమాపణ. ఆ 40 సీసాల్లో ఘాటు లేదు. సీసా వెనక్కి తెచ్చినా తేకపోయినా మీ డబ్బు మీకిచ్చేస్తాను.

నాటింగ్‌హామ్‌లో ఈ సాసులు మొదలుపెట్టిన నాటి నుంచి ఒకే రైతు దగ్గర వేర్లు తీసుకుంటున్నాను. ఆకులు ఎండాక తవ్విన కొత్త వేరైతే లేత ములక్కాడలా టక్కున విరగాలి. ఈసారి పెట్టె తెరిచి ఒకటి వంచితే వంగింది. ఫోన్ చేస్తే నిన్ననే తవ్వామన్నాడు. నిన్న తవ్విన వేరు అంచులు నల్లబడి తోలులా ఉంటుందా? పోయినేడాది సరుకు కోల్డ్ స్టోరేజీలోంచి తీసి నాకు అంటగట్టాడు. అది తెలిసీ తురిమాను చూడండి, అదీ నా తప్పు. ఆర్డర్లున్నాయన్న టెన్షన్.

మామూలుగా వేరు తురిమే రోజు తలుపులు బార్లా తీసి, మా ఆయన్ని బయటికి పంపేస్తాను. కోసేదాకా దానికి పెద్దగా వాసనుండదు. తురిమితేనే ఘాటు పుడుతుంది, ఆవపిండికి నీళ్లు తగిలినట్టు. నిజానికి రెండింట్లోనూ ముక్కుకెక్కేది ఒకటే, అల్లైల్ ఐసోథయోసయనేట్ అనే రసాయనం. తురిమాక మూడు నిమిషాలాగి వెనిగర్ పోస్తే ఘాటు అక్కడ నిలబడుతుంది. తొందరపడి ముందే పోస్తే చప్పబడుతుంది. ఆ రోజు పది నిమిషాలాగినా నా కంట చుక్క నీరు రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలవగానే మన బాబాయ్ గారొకరు ఫోన్ చేశారు. "అమ్మా, ఘాటు ఇంట్లో మరిచిపోయి ఉత్త క్రీమ్ పంపావా?" నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం రాత్రంతా నిద్రపట్టలేదు.

ఈ వారానికి దారి లేకపోలేదు. నా సాస్‌లో ఎలాగూ ఒక చెంచా ఆవపొడి పడుతుంది. "ఇంకో రెండు చెంచాలు వెయ్యి, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు మా ఆయన. మూడు రోజులు తేల్చుకోలేకపోయాను. బుధవారం ఒక సీసా అలా చేసి కూడా చూశాను. బాగానే ఉంది, అదే నా బాధ! కానీ అది ఆవసాస్. దాని మీద హార్స్‌రాడిష్ అని లేబుల్ ఎలా అంటించను? తురిమి వెనిగర్‌లో వేసిన హోల్‌సేల్ డబ్బాలూ ఉన్నాయి. అవి కొనేదానికి మీకు నేనెందుకు, సూపర్‌మార్కెట్ ఉందిగా.

పాత రైతు సగం ధరకిస్తానంటున్నాడు. ఊరికే ఇచ్చినా వద్దు. ఇంకొకరి దగ్గర నాలుగు వేర్లు తెప్పిస్తున్నాను. విరిచి చూశాకే క్రిస్మస్ ఆర్డర్లు రాసుకుంటాను, అడ్వాన్సు తీసుకోను.

మటన్ రోస్ట్‌కి పుదీనా సాస్, పోర్క్‌కి బ్రామ్లీ యాపిల్ సాస్ ఎప్పటిలాగే ఉన్నాయి. (ఆ బ్రామ్లీ మొదటి చెట్టు పుట్టింది మన పక్కనున్న సౌత్‌వెల్‌లోనే, 1809లో నాటిన గింజ.) చికెన్‌కి బ్రెడ్ సాస్ కూడా ఉంటుంది. లవంగాలు గుచ్చిన ఉల్లిపాయను పాలల్లో కాచి చేసేది. పాలల్లో నానిన రొట్టె అని వెక్కిరించేవాళ్లు ఒక్కసారి వేడిగా తిని మాట్లాడండి.

అమ్ముడవని చప్పటి సీసాలు ఎనిమిది మా ఫ్రిజ్‌లో ఉన్నాయి. మా ఆయన రోజూ శాండ్‌విచ్‌లో రాసుకుని బాగుందంటున్నాడు. నేను ముట్టలేదు.