ఉప్పుటేటి గట్టున పాత గోదాములను చూడనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

కాకినాడ ఉప్పుటేటి వెంబడి వాడకం లేక పడివున్న పాత గోదాముల్లోకీ, తుప్పుపట్టిన బార్జీల (సరుకు మోసే పడవల) మీదికీ కుర్రకారు గోడలు దూకి వెళ్లి వీడియోలు తీస్తున్నారనీ, వారిని కట్టడి చేయాలనీ కొందరు పెద్దలు కోరుతున్నారు. వారి భయం సబబే. చెదలు తిన్న అటక మీద కాలు పెట్టడం ప్రాణాలతో చెలగాటం. పాత సిమెంటు రేకుల ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు చేసే చేటు ఏళ్లు గడిచాక గానీ బయటపడదు. కానీ తాళం వేసి ఊరుకుంటే సరిపోతుందన్న మాటకు నేను ఒప్పుకోలేను.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువల మీద పడవల రాకపోకలు పెరిగాక, డెల్టా సరుకు ఈ రేవుకు దిగివచ్చేది. 1860ల తొలినాళ్లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండు మిల్లులకు పత్తి కరవైనప్పుడు ఇక్కడి పత్తికి గిరాకీ పెరిగింది. తీరం దగ్గర లోతు చాలదు కాబట్టి ఓడలు దూరంగా లంగరు వేసుకునేవి, బార్జీలు బస్తాలు నింపుకొని ఉప్పుటేటి గుండా వాటి దగ్గరకు వెళ్లేవి. 1990లలో లోతైన నీటి రేవు వచ్చినా ఆ బార్జీల పని పూర్తిగా ఆగలేదు. ఓడలకు అలల నుంచి కాపు కాసే హోప్ ఐలాండ్‌ను పోగేసినదీ, రేవును మేట వేసి పూడ్చేదీ గోదావరి తెచ్చిన ఇసుక, ఒండ్రులే. ఈ సంగతి మన పిల్లలకు ఆ గట్టున నిలబడితే తెలిసినంత తేలిగ్గా పాఠంలో తెలియదు.

సిడ్నీ రేవులోని కాకటూ దీవిలో ఓడల కర్మాగారం 1990ల ఆరంభంలో మూతపడింది. పాడుబడిన యంత్రశాలలను కూల్చకుండా 2007 నుంచి జనాన్ని రానిస్తున్నారు. ఖైదీల చేత డాక్ కట్టించిన ఆ దీవికి 2010లో యునెస్కో గుర్తింపు కూడా దక్కింది. వారి ఖజానాతో మనకు పోటీ లేదు, నిజమే. కంచెకూ, వెంట నడిచి చూపించే మనిషికీ అంత ఖజానా అక్కరలేదు.

జేఎన్‌టీయూ సివిల్ విద్యార్థుల చేత ఈ కట్టడాల కొలతలు తీయించి, అధ్యాపకులూ ఇంజనీర్లూ నిలకడగా ఉన్నాయని తేల్చిన చోట్లకు మాత్రమే, యజమానుల అనుమతితో, తుపానుల కాలం దాటాక చిన్న బృందాలను పంపవచ్చు. దారి చూపడానికి, బార్జీలు నడిపి పని మానిన సరంగులనూ, వాటి మీద పనిచేసిన కళాసీలనూ పిలిచి కూలి ఇస్తే, వారికి తెలిసినవి రాసిపెట్టుకునే వీలూ దొరుకుతుంది. ఇదంతా వెంటనే కుదరకపోయినా, ఏ గోదామునైనా కూల్చేందుకు అనుమతి ఇచ్చే ముందు దాని కొలతలూ ఫొటోలూ భద్రపరచాలన్న షరతును నగరపాలక సంస్థ ఈ ఏడాదే పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జగన్నాథపురం, కాకినాడ