అమ్మ మాత్రలూ, సుబ్బారావుగారి లెక్కా

మావా,

మందుల చీటీ ఫోటో చూశా. అమ్మ కీళ్లవాతానికి రాసిన మెథోట్రెక్సేట్ గూగుల్లో కొడితే కేన్సర్ మందని వచ్చిందని హడలిపోయావు కదా. అది కేన్సర్ మందే, అబద్ధం కాదు, కానీ కీళ్లకి ఇచ్చేది చాలా తక్కువ డోసు, అదీ వారానికి ఒక్కరోజే, కాబట్టి నువ్వు ముందు నెట్ మూసెయ్.

నువ్వు ఆ మందు పేరెత్తే టైముకి నేను ప్రమోషన్ ఫారం ముందేసుకుని కూచున్నా. అందులో హెచ్ ఇండెక్స్ అని ఒక గడి. నాది ఆరు. అంటే కనీసం ఆరుసార్లు ఎవరో ఒకరు ప్రస్తావించిన పరిశోధన పేపర్లు నావి ఆరున్నాయని, అందులో కొన్ని మేం మేం ఒకళ్లనొకళ్లం ప్రస్తావించుకున్నవే అనుకో. ఫారం పక్కనపడేసి, ఈ లెక్కన ఆ మందు వెనకున్న బయోకెమిస్ట్, మన యల్లాప్రగడ సుబ్బారావుగారికి ఎంతొస్తుందో చూద్దామని వెతకడం మొదలెట్టా, ఇంక తెల్లారింది.

మొదటి చిక్కు పేరుతోనే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్లేమో చివరిదే ఇంటిపేరు అనుకుంటారు. దాంతో ఆయన పరిశోధన పేపర్ల డేటాబేసుల్లో ‘సుబ్బారో వై’ అయిపోయాడు, యల్లాప్రగడ అంతా కలిపి ఒక్క పొడి అక్షరం!

ఎక్కువ సైటేషన్లు, అంటే ఆ ప్రస్తావనలు, దేనికనుకున్నావ్? కేన్సర్‌కి కాదు. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రాసిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతికి. డిగ్రీ ల్యాబులో చేశాం గుర్తుందా, మాలిబ్డేట్ పోసి, తర్వాత ఇంకో రియేజెంట్ పోస్తే టెస్ట్‌ట్యూబులు వరసగా లేత నీలం నుంచి ముదురు నీలానికి తిరిగేవి, నువ్వు బ్లాంక్ (పోల్చుకోడానికి ఫాస్ఫరస్ లేని ట్యూబు) పెట్టడం మర్చిపోయి మొత్తం బ్యాచ్ చేత మళ్లీ చేయించావు, అదే. వేల పేపర్లు దాన్ని ప్రస్తావించాయి. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1927లో కండరంలో శక్తి దాచిపెట్టే ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణాలకి శక్తినందించే ఏటీపీ పట్టుకోగలిగారు (అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీ కనిపెట్టాడు, అది వేరే తగువు). సుబ్బారావు చేసిన ఇంకొంత పనిని ఫిస్కే బయటికి రానివ్వలేదని, అవన్నీ తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టుకోవాల్సొచ్చిందని, హార్వర్డ్‌లో ఆయనతోపాటు ఉన్న జార్జ్ హిచింగ్స్ అన్నాడు. ఈ హిచింగ్స్‌కి 1988లో నోబెల్ వచ్చింది.

ఇక కేన్సర్ సంగతి చూడు. 1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబుకి వెళ్లిపోయాడు. 1945లో అక్కడ ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తయారుచేశారు, ఆ పేపర్ మీద పెళ్లి శుభలేఖలో బంధుమిత్రుల్లా బోలెడు పేర్లు, వాటి మధ్య ఈయనొకడు. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా (రక్త కేన్సర్) పిల్లలకి ఫోలిక్ యాసిడ్ రకాలిస్తే జబ్బు ఇంకా ఉరకలేస్తున్నట్టు అనిపించింది, అయితే దానికి అడ్డంపడేది కావాలన్నాడు. లెడర్లీ వాళ్లు ఫోలిక్ యాసిడ్‌నే కాస్త మార్చి అమినోప్టెరిన్ చేశారు. కణంలో ఎంజైము అది అసలుదే అనుకుని పట్టుకుంటుంది, ఇంక వదల్లేదు, దొంగ తాళంచెవి తాళంలో ఇరుక్కున్నట్టు.

దాని తయారీ గురించి 1947లో వచ్చిన పేపర్లో ముగ్గురి పేర్లున్నాయి, ఈయనది లేదు. 1948 జూన్‌లో ఫార్బర్ పేపరొచ్చింది, పదహారుమంది పిల్లల్లో పదిమందికి కొన్నాళ్లపాటైనా జబ్బు వెనక్కి తగ్గిందని. అయిదుగురు రచయితలు, అందులోనూ లేదు. ల్యాబు నడిపించిన పెద్దమనిషి ప్రతిదాని మీదా పేరు వేసుకోలేదంటే మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ నమ్మరు. ఆ ఆగస్టులోనే పోయాడు మావా, యాభైమూడేళ్లకే. ఆ రెండు పేపర్లకొచ్చిన సైటేషన్లలో ఆయన ఖాతాలో ఒక్కటీ పడదు.

అమినోప్టెరిన్‌కి ఒక మిథైల్ గ్రూపు తగిలిస్తే వచ్చిందే అమ్మ చీటీలోని మెథోట్రెక్సేట్. దాని కింద ఫోలిక్ యాసిడ్ కూడా రాశారు చూశావా? ఒకటి దెబ్బకొడుతుంది, ఇంకోటి ఆ దెబ్బని కాస్త కాస్తుంది, రెండూ ఆ ల్యాబు సరుకే.

ఒక్కటి మాత్రం మర్చిపోకు. మెథోట్రెక్సేట్ డబ్బా మీద వారంలో వేసుకోవాల్సిన ఆ ఒక్క రోజు పేరు పెద్దక్షరాల్లో తెలుగులో రాసిపెట్టు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది. ఫోలిక్ యాసిడ్ ఏ రోజో డాక్టర్ని అడిగి అది కూడా రాయి. ఆదివారం ఫోన్ చేస్తా, అమ్మకివ్వు.

ఫారం ఇంకా ఇవ్వలేదు.

నీ మావ