బద్ధకం కాదు, ఫెర్రిటిన్

అయ్యా,

పోయిన ఆదివారం మీ క్రీడా పేజీలో ఆటగాళ్లు రక్త పరీక్షలతో ఎలా రాటుదేలుతున్నారో అరపేజీ రాశారు. ఊరుకుందామనే అనుకున్నాను. ఆ పక్కనే 'అథ్లెట్ ప్యాకేజీ, 82 పరీక్షలు' అని ల్యాబు ప్రకటన చూశాక ఉండబట్టలేదు.

ఇరవై ఆరేళ్లు పీఈటీగా చేసి రిటైరైనవాణ్ణి. పరీక్షలు వద్దనేంత మొండివాణ్ణి కాను. నా దగ్గర 800 మీటర్లు పరుగెత్తే అమ్మాయి ఒకతె ఉండేది. ఒక్క వేసవిలో ఆరు సెకన్లు వెనకబడింది. రెండో రౌండు మలుపు దగ్గరికి రాగానే "కాళ్లు బరువెక్కుతున్నాయి సార్" అనేది. సెలక్షన్లకు వచ్చిన పెద్దమనిషి ఒంట్లో బద్ధకమని అందరి ముందూ తేల్చేశాడు. హిమోగ్లోబిన్ 12.2, బాగానే ఉందన్నారు. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష నా డబ్బులు పెట్టి చేయిస్తే 11! ల్యాబు కాగితం మీద కింది హద్దు 10 వేసుకున్నారు కాబట్టి అదీ నార్మలేనట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 15కి తగ్గితే చాలు, ఇనుము నిల్వలు అడుగంటినట్టే. పరుగు పిల్లలకైతే 30 దగ్గరే జాగ్రత్తపడే డాక్టర్లున్నారు. మాకు దొరికిన డాక్టరుగారు మాత్రలు రాసి, వేసుకున్నాక గంటసేపు టీ ముట్టొద్దన్నారు. మూడు నెలల్లో పిల్ల తేరుకుంది. ఆ పెద్దమనిషికి అప్పటికే బదిలీ అయింది లెండి.

ఇంకో కుర్రాడికి పోటీ మర్నాడే రక్తం తీశారు. లివరు పరీక్షల్లో చూసే ఎస్‌జీఓటీ ఎక్కువుంది, లివరు చూపించుకోమన్నారు. వీడు మందు తాగుతున్నాడని తండ్రి చితకబాదాడు. బాగా పరుగెత్తి కండరాలు నలిగినా ఆ అంకె పెరుగుతుందని, వారం ఆగి మళ్లీ తీయాలని, కండరాల దెబ్బ తెలిపే సీకే పరీక్ష కూడా చూడాలని చెప్పిన నాథుడు లేడు. 82 పరీక్షలు చేస్తారు సరే, ఆ కాగితం చదివేదెవరు?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. గ్రౌండుకొచ్చే పిల్లలు ఆ ఇళ్ల నుంచే కదా వస్తారు! బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఇనుము మాత్ర కడుపులో తిప్పుతుందని కిటికీలోంచి విసిరేస్తారు. రిజిస్టరులో మాత్రం అందరూ మింగినట్టే టిక్కులు.

సెలక్షన్ క్యాంపుకు ముందు హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ రెండే చేయించమని అధికారులకు మూడుసార్లు అర్జీ పెట్టాను. నిధుల్లేవన్నారు. స్టేడియంలో సభకు కుర్చీలు, శాలువాలు వచ్చాయి, ట్రాక్ మీద షామియానా గుంజలు దిగాయి. పతకం తెచ్చిన పిల్ల ఫొటోలో రెండో వరసలో, అధికారి భుజం వెనక, సగం మొహంతో ఉంటుంది.

నా ఉత్తరం వేస్తే వేయండి. ఆ ప్రకటన పక్కన మాత్రం వద్దు.

— రిటైర్డ్ పీఈటీ, పశ్చిమ గోదావరి జిల్లా