వకీలు గౌను, ఫాదర్ గారి కాసక్: కుట్టుకూలి పెంపుపై మా ఖాతాదారులకు వివరణ

గుంటూరులోని మా దుకాణంలో గౌన్లు, మతగురువులు వేసుకునే పొడవాటి అంగీలైన కాసక్‌లు కుట్టించుకునే న్యాయవాదులకు, ఫాదర్లకు, పాస్టర్లకు నమస్కారం. వచ్చే నెల మొదటి తేదీ నుంచి రెండింటికీ కుట్టుకూలి పెంచుతున్నాము. గౌను భుజాల వెనక చేతితో కుచ్చులు పోసే పని మానేసి, మిషన్ మీద మడతలు వేస్తే పాత ధరకే ఇవ్వవచ్చు కదా అని పలువురు అడిగారు. ఇవ్వవచ్చు, కానీ ఆ పని మానదలచుకోలేదు. కారణం దాచకుండా చెప్పడం మా బాధ్యత.

హైకోర్టు 2019 జనవరిలో అమరావతికి వచ్చినప్పటి నుంచి మా ఊళ్లో గౌనుకు గిరాకీ పెరిగింది. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం కింది కోర్టుల్లో గౌను వేసుకోవడం వారి వారి ఇష్టమే అయినా, హైకోర్టులోను సుప్రీంకోర్టులోను తప్పనిసరి. ఆ గౌనుకు, నల్లగౌను వేసుకునే పాస్టర్లకు కుట్టేదానికి మేము గుడ్డ కత్తిరించే నమూనా ఒక్కటే. అలా ఉండటం మా సౌకర్యం కోసం కాదు, ఆ రెండు దుస్తులూ ఒకే ఇంట పుట్టినవి కావడం వల్ల.

మధ్యయుగపు ఇంగ్లండులో చదువు, చట్టం తెలిసినవారు ఎక్కువగా చర్చి మనుషులే. 13వ శతాబ్దంలో రాజుగారి న్యాయమూర్తిగా పనిచేసిన హెన్రీ డి బ్రాక్టన్ ఎక్సెటర్ కెథడ్రల్‌లో ఛాన్సలర్ అనే చర్చి అధికారి కూడా. చర్చి మనుషులు మరణశిక్షలు విధించే విచారణల్లో పాల్గొనరాదని 1215లో చర్చి పెద్దలు సమావేశమైన నాలుగవ లాటరన్ మహాసభ నిషేధించింది. కాలక్రమంలో న్యాయపీఠం గృహస్థుల చేతికి వచ్చింది గాని, పీఠం మీది దుస్తులు మాత్రం అలాగే నిలిచాయి. 14వ శతాబ్దంలో మామూలు మగవారు పొట్టి చొక్కాలకు మారిపోతుండగా, మతగురువులు, న్యాయమూర్తులు, విశ్వవిద్యాలయ పండితులు మడమల దాకా వేలాడే పాత అంగీని వదలలేదు. అందువల్లనే ఈనాటి స్నాతకోత్సవపు గౌను కూడా ఈ రెండింటికీ చుట్టమే. ఇంగ్లండు న్యాయమూర్తులు ఏ కాలంలో ఏ రంగు ధరించాలో 1635లో నియమాలు రాసుకున్నప్పుడు కూడా చర్చి పండుగల లెక్క విడిచిపెట్టలేదు. అక్కడి హైకోర్టు న్యాయమూర్తులు ఎర్ర అంగీ వేసుకునే ప్రత్యేక దినాల్లో పునీతుల (సెయింట్ల) పండుగలు నేటికీ ఉన్నాయి.

మెడ కింద వేలాడే తెల్ల బ్యాండ్లదీ ఇదే కథ. 17వ శతాబ్దంలో పెద్దమనుషులందరూ వేసుకున్న వెడల్పాటి కాలరే క్రమంగా కుంచించుకుపోయి రెండు పట్టీలుగా మిగిలింది. లోకం దాన్ని మరిచిపోయినా న్యాయస్థానం, ప్రసంగ పీఠం మరువలేదు. జర్మనీలోని ప్రొటెస్టెంట్ శాఖల్లో లూథరన్ బోధకుల బ్యాండ్లు విడివిడిగా ఉంటాయి, రిఫార్మ్‌డ్ చర్చి వారివి కలిపి కుట్టి ఉంటాయి.

ఇక కుచ్చుల సంగతి. గౌను వీపు గుడ్డ, భుజాల మీద అడ్డంగా ఉండే పట్టీ అయిన యోకు కంటే ఎన్నో రెట్లు వెడల్పుగా ఉంటుంది. గుడ్డ అంచున సమాన దూరంలో వరుసలుగా దారం నడిపి, వరుసలన్నిటినీ ఒకేసారి లాగితే గుడ్డ సన్నని నిలువు కుచ్చులుగా దగ్గరపడుతుంది. ఆ తరువాత ఒక్కొక్క కుచ్చు తలను యోకుకు చేతికుట్టుతో బిగించాలి. మిషన్ మడత చదునుగా నొక్కుకుపోతుంది కాబట్టి చెయ్యెత్తినప్పుడు భుజం పట్టేస్తుంది. చేతి కుచ్చు విచ్చుకొని చేతికి చోటిస్తుంది. వాదించే వకీలుకైనా, దీవెన కోసం రెండు చేతులూ ఎత్తే గురువుకైనా కావలసింది ఆ చోటే. ఈ పని తెలిసిన మాస్టర్ మా దగ్గర ఒక్కరే మిగిలారు. ఆయన దగ్గర నేర్చుకుంటున్న కుర్రవాడికి జీతమివ్వాలి. కూలి పెంపులో ఎక్కువ భాగం అందుకే పోతుంది, మిగతాది నల్లగుడ్డ తాను ధర పెరిగినందుకు.

గౌను వెనక భుజం మీద వేలాడే చిన్న ముక్కను తీసేయమని కొందరు యువ న్యాయవాదులు అడుగుతున్నారు. అది పూర్వం ఫీజు వేసే సంచి అని కోర్టుల్లో చెప్పుకుంటారు. ఒకప్పుడు సంతాప సమయంలో ధరించిన ముసుగు తాలూకు మిగులు అన్న వివరణే మాకు సరైనదిగా తోస్తుంది. ఏది నిజమైనా ఆ ముక్క లేకుండా మేము గౌను కుట్టము.

ఇకపై ఎలాస్టిక్ పాలిస్టర్ బ్యాండ్లు అమ్మము. గంజి పెట్టే నూలు బ్యాండ్లు మాత్రమే దొరుకుతాయి.

క్రిస్మస్‌కు కాసక్‌లు కావలసినవారు అక్టోబరు లోపు కొలతలు ఇవ్వవలసిందిగా మనవి; డిసెంబరులో కొత్త పని ఒప్పుకోము. న్యాయవాదులు కోటు మీదనే కొలతలు ఇవ్వాలి. మా దగ్గర కుట్టిన పాత గౌన్లలో కుచ్చులు వదులైతే తీసుకురండి, పాత కూలికే బిగించి ఇస్తాము.