అవతలివాడు ఏం కొట్టాడో వినాలి కదమ్మా

అమ్మలూ,

నువ్వు తయారుచేసి పంపిన ఇద్దరాడే మ్యూజిక్ గేమ్ ఆడాం, నేనూ మీ తమ్ముడూ, ఒకే కీబోర్డు మీద వాడు అటు నేను ఇటు. ఫోన్లో చెబుదామంటే నువ్వు ఎప్పుడు చూసినా మీటింగ్‌లోనే ఉంటావు, పైగా తాళం లెక్కలు ఫోన్లో మొదలుపెడితే ఊ ఊ అంటూ లాప్‌టాప్ చూసుకుంటావు, నాకు తెలీదా, అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

బొమ్మలు బాగున్నాయి, రంగులు బాగున్నాయి, వాటి జోలికి నేను పోను, నాకు తెలిసిన పని కాదు. నాకు నచ్చనిది ఆట లోపల ఉంది. పైనుంచి బాణాలు దిగుతుంటాయి, గీత దగ్గరికి రాగానే బటన్ నొక్కాలి, వరసగా 8 తప్పు లేకుండా నొక్కితే కాంబో, అవతలి బొమ్మకి దెబ్బ. మీ తమ్ముడు ఏం చేశాడో తెలుసా, స్పీకర్ మ్యూట్ చేసి ఆడాడు, అయినా నా మీద గెలిచాడు. సౌండు ఆపేసినా గెలవగలిగితే అది మ్యూజిక్ గేమ్ ఎట్లా అవుతుందమ్మా, కళ్ళు పనిచేస్తున్నాయి, చెవులు ఖాళీ. ఇంకోటి, వాడు ఏం కొడుతున్నాడో నాకు అక్కర్లేదు, నేనేం కొడుతున్నానో వాడికి అక్కర్లేదు, ఒకే బెంచీ మీద కూర్చుని ఎవరి పరీక్ష వాళ్ళు రాసుకున్నట్టుంది. ఇద్దరు ఆడే ఆట అని పేరు పెట్టాక ఒకడు కొట్టింది ఇంకొకడు వినకపోతే ఎలా.

నువ్వే చెప్పావు ఒకసారి, 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2లో కాంబోలు ముందు అనుకుని పెట్టినవి కావు, ఒక దెబ్బ అయ్యీ అవకముందే ఇంకోటి తగిలించొచ్చని తయారుచేసేటప్పుడు కనపడితే తీసేయకుండా వదిలేశారు అని. నాకు ఆ ముక్క భలే నచ్చింది, అంటే ఆడేవాళ్ళు తవ్వుకుంటూ పోవడానికి చోటు దొరికిందన్నమాట. నీ దాంట్లో ఆ చోటు లేదు, నువ్వు రాసిచ్చింది వాళ్ళు అప్పజెప్పడమే. ఆ పటాపాన్ అనే గేమ్ చూపించావే, నాలుగు డోళ్ళది, అది ఒక్కడే ఆడేదైనా నీ దానికంటే నయం, నాలుగు దెబ్బలు కొట్టి ఆగాలి, ఆ బుడ్డ సైన్యం తిరిగి పాడేదాకా చెయ్యి కదపకూడదు, అక్కడ వినడం ఉంది.

తని ఆవర్తనం, అదే కచేరీలో పాట ఆపి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, నీకు కొత్త కాదు, చిన్నప్పుడు కచేరీకి తీసుకెళ్తే అది మొదలవగానే జనం కాఫీకి లేచేవాళ్ళు, నువ్వు మాత్రం ముందుకెళ్ళి కూర్చునేదానివి. మృదంగం ఒకటి, కంజీరా అనే చేత్తో పట్టుకుని కొట్టే చిన్న వాద్యం ఒకటి, ఒకరు కొడితే ఇంకొకరు దానికి జవాబు కొడతారు, నువ్వు వెతుకుతున్న ఆట అదే. మొదట చెరో రెండు ఆవర్తనాలు, అంటే తాళం రెండు చుట్లు, తర్వాత చెరొకటి, తర్వాత అర, తర్వాత పావు, అలా తగ్గుకుంటూ వస్తారు, కురైప్పు అంటాం చూడు అది. తాళం వేగం అంగుళం కూడా పెరగదు, కానీ వినేవాడికి గుండె వేగం పెరుగుతుంది, ఎందుకంటే ఆలోచించుకునే టైము తగ్గిపోతోంది. నువ్వేమో రౌండు రౌండుకీ పాట స్పీడు పెంచావు. అక్కర్లేదు, మాట్లాడుకునే గడువు తగ్గించు చాలు. ఆఖర్న ఇద్దరూ కలిసి మోహరా, ముక్తాయింపు అనే ముగింపు ముక్కలు, అదే నీ లాస్ట్ రౌండు.

బటన్లు నాలుగు పెట్టావు కదా, మృదంగం మొదటి పాఠంలో అక్షరాలూ నాలుగే, త, ధి, తోం, నం. వాటితోనే వాయించనీ. ఇప్పుడు లెక్క చూడు, కాగితం తీసుకో. ఆది తాళం 8 దెబ్బలు, దెబ్బకి 4 మాత్రలు, అంటే ఒక్కో దెబ్బ నాలుగు సమాన ముక్కలు, మొత్తం 32. తదిగిణతోం అనే ముక్క 5 మాత్రలు, మూడుసార్లు కొడితే 15, మధ్యలో రెండు చోట్ల రెండేసి మాత్రలు ఖాళీ వదిలితే 19. 32లోంచి 19 పోతే 13, అంటే నాలుగో దెబ్బ పడ్డాక ఒక్క మాత్ర వదిలి ఎత్తుకుంటే సరిగ్గా సమానికి, అంటే తర్వాతి చుట్టు మొదటి దెబ్బకి, వచ్చి పడతావు. ఖాళీ ఒక్కో మాత్రే వదిలితే 17, అప్పుడు 15 మాత్రల తర్వాత ఎత్తుకోవాలి, మూడేసి వదిలితే 21, 11 తర్వాత ఎత్తుకోవాలి. చూశావా, కొట్టేది అదే ముక్క, ఎక్కడ ఎత్తుకోవాలన్నది మాత్రం వాడి బుర్ర. కాంబో అంటే ఇన్ని బటన్లు వరసగా నొక్కడం అని కాకుండా, ఎక్కడ మొదలెట్టినా సమానికి దిగడం అని పెట్టుకుంటే, నువ్వు లిస్టు రాయక్కర్లేదు, ఆడేవాళ్ళే కొత్తవి పుట్టిస్తారు. అవతలి బొమ్మకి తగిలే దెబ్బ బలం కూడా సమం మీద ఎంత కచ్చితంగా పడ్డాడు అన్నదాన్ని బట్టి ఇవ్వు, మధ్యలో కాస్త అటూ ఇటూ అయితే చూసీ చూడనట్టు వదిలెయ్, సమం దగ్గర మాత్రం వదలొద్దు. తప్పితే ముందు పడ్డాడా వెనక పడ్డాడా చెప్పు, ఊరికే ఎర్ర రంగు చూపిస్తే వాడు ఏం దిద్దుకుంటాడు.

స్పీడు నిమిషానికి 120 దెబ్బలు పెట్టావు, మాత్రకి ఏడున్నర ఫ్రేములు, అదే తెర మీద మారే బొమ్మలు, వస్తాయి, ఆ అర ఫ్రేము ఎక్కడ పెడతావ్. 90 పెట్టు, సెకనుకి 60 ఫ్రేముల లెక్కన మాత్రకి సరిగ్గా 10, దెబ్బకి 40, ఆవర్తనానికి 320. టైమింగ్ ఆడియో క్లాక్ చూసి లెక్కేస్తాం ఫ్రేములతో పని లేదు అంటాడేమో మీ ఫ్రెండ్, మంచిదే, అలాగే చెయ్యాలి, కానీ బొమ్మ చెయ్యి కదిలేది ఫ్రేముల్లోనే కదా, అది సౌండుతో కలవాలిగా. పైగా 90 అయితే మామూలు మనిషి నోటితో అనుకుంటూ కొట్టగలడు.

ఇక ఎవడో పిచ్చిగా అన్ని బటన్లూ టకటకా నొక్కేస్తే అవతలివాడు ఏం జవాబిస్తాడు అని నీకు డౌటు రావాలి. దానికి నా దగ్గర మందుంది. రెండు ఆవర్తనాల రౌండులో మొదటి ఆవర్తనం ఏం కొట్టాడో రెండోది కూడా అచ్చం అదే కొట్టాలి, అప్పుడే అది ప్రశ్న కింద లెక్క. పిచ్చిగా కొట్టినవాడు తన ముక్క తానే తిరిగి కొట్టలేడు, దెబ్బ వాడికే. జవాబు చెప్పేవాడు ఉన్నదున్నట్టు తిరిగి కొడితే కాచుకున్నట్టు, అందులో ఒక చోట మార్చి, ఒక ఖాళీ పెంచో, ఒక ముక్క తిప్పో, అయినా సమానికి దిగితే ఎదురుదెబ్బ. ఇప్పుడు మ్యూట్ చేసి ఆడమను మీ తమ్ముణ్ణి.

ఇంటర్నెట్‌లో ఆడించడం కష్టం, ల్యాగ్ వస్తోంది అని బాధపడ్డావు కదా మొన్న. అమెరికా పిల్లలకి వీడియో కాల్లో పాఠం చెప్పే ప్రతి మాస్టారుకీ ఆ బాధ తెలుసు, ఇద్దరం కలిసి తాళం వెయ్యలేం, వాడి చప్పట్లు నాకు ఆలస్యంగా వస్తాయి, నావి వాడికి ఆలస్యంగా పోతాయి, గందరగోళం. కానీ నేనొకటి కొట్టి ఆగి, వాడు తిరిగి కొడితే హాయిగా నడుస్తుంది. నీ గేమూ అంతే చెయ్యి, నేను కొట్టిన ముక్క మొత్తం పంపేసి, వాడి మెషీన్లో వాడి తర్వాతి సమం నుంచి వినిపించు, 90 స్పీడులో ఒక ఆవర్తనం అంటే 5 సెకన్ల పైనే, ఆ లోపల ఎంత ల్యాగ్ అయినా దాక్కుంటుంది. పావు ఆవర్తనం దాకా తగ్గాక మాత్రం సెకనుంపావు కంటే కాస్త ఎక్కువ, అంతే, అక్కడ నెట్టు బాగా లేకపోతే అర దగ్గరే ఆపేసెయ్. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఇంకో తంటా, నొక్కాక సౌండు వెనకాల వస్తుంది, ఆట మొదలవకముందే పది దెబ్బలు కొట్టించి ఎంత వెనక వస్తోందో కొలుచుకో.

బటన్లు కుడి ఎడమ మార్చుకునే వీలు పెట్టడం మర్చిపోకు, పళని సుబ్రమణ్య పిళ్ళై గారంతటి మృదంగ విద్వాంసుడిది ఎడమచేతి వాటం. వినపడనివాళ్ళ కోసం కంట్రోలర్ వైబ్రేషన్ తాళానికి కొట్టించు, అది నిజంగా ఉపయోగం.

సౌండు సంగతి నాకు వదిలెయ్. ఇప్పుడు రెండు బొమ్మలకీ ఒకే డ్రమ్ము పెట్టావు, ఎవరు కొట్టారో తెలిసి చావట్లేదు. ఒకళ్ళకి మృదంగం, ఒకళ్ళకి కంజీరా. ఒక్కో అక్షరం మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా కొట్టి విడివిడిగా రికార్డు చేసి పంపుతా, ఒకే ఫైలు పదే పదే మోగితే మరీ మిషన్లా ఉంటుంది. నేనే కదా అని ఫోన్లో రికార్డు చేస్తాననుకోకు, మన వీధిలో స్టూడియో ఉంది, గంటకి తీసుకుంటాడు, డబ్బులు నువ్వే కట్టాలి. తొప్పికి, అంటే మృదంగం పెద్ద వైపుకి, రవ్వ అప్పటికప్పుడు తడిపి పెట్టాలి, కంజీరాకి నీళ్ళతో తడి అద్దాలి, రెండూ ఆరిపోయేలోపు అయిపోవాలి, అందుకని శృతి, అంటే వాద్యం ఏ స్వరానికి కలపాలో, ఏది కావాలో ముందే చెప్పు, నీ పాటకి ఒకటి, ఒకటిన్నర, ఏది పెట్టావో నాకు తెలీదు. ఆదివారం లోపు మెసేజ్ పెట్టు.

మీ అమ్మ గోంగూర పచ్చడి కొరియర్ చేసింది, లీక్ అయితే మళ్ళీ పంపుతుందట.

నాన్న