అన్నమయ్య ప్రాజెక్టు కట్ట గురించి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. అర్జీలకు జవాబు రానందున నలుగురి ముందూ రాస్తున్నాను.

2021 నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గర చెయ్యేరు నది మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఇక్కడ ఐదు గేట్లలో ఒకటి పైకి లేవలేదు. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే అది నిలవదని మీకు నేను చెప్పాలా? పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్లలో ఇళ్లు, పశువులు, మనుషులు పోయారు. ఇసుక మేటలు వేసిన పొలాన్ని బాగుచేసుకోవడం చిన్న రైతు వల్ల అయ్యే పని కాదు.

రెండో నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. 2.24 టీఎంసీలు నిలవాల్సిన చోట నీళ్లు నిలవకపోతే చుట్టుపక్కల బోర్లకు ఊట తగ్గుతుంది. వానొస్తే టెన్షన్, రాకపోతే కరువు.

కట్ట పునర్నిర్మాణానికి నిధులు, గడువు తేదీ రాతపూర్వకంగా ప్రకటించండి. ఏటా వానాకాలానికి ముందు ఎగువ ప్రాజెక్టుల గేట్ల తనిఖీ నివేదికలు పంచాయతీల్లో అంటించండి. దిగువ ఊళ్లకు సైరన్లు పెట్టించండి. సమాధానం కూడా బహిరంగంగానే ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
చెయ్యేటి ఒడ్డు రైతు