కొలత లేని కాలువ కింద ఆరుతడి ఎలా?

సంపాదకునికి,

వరిలో ఆరుతడి పద్ధతి, అంటే మడిని ఆరనిచ్చి మళ్లీ తడపడం, పాటించమని రైతులకు చెబుతూనే ఉన్నారు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఈ విధానాన్ని తప్పుపట్టడం లేదు. చిల్లులు పెట్టిన అడుగు పొడవు గొట్టాన్ని మడిలో పాతి, అందులో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడి ఇవ్వాలి. పూత దశలో మాత్రం నీరు నిలబెట్టాలి. సక్రమంగా చేస్తే దిగుబడి తగ్గకుండా 30 శాతం దాకా నీరు మిగులుతుంది, మడి నుంచి వెలువడి భూతాపం పెంచే మీథేన్ వాయువు కూడా తగ్గుతుంది.

బోరు కింద ఇది సాధ్యమే. మోటారు రైతు చేతిలో ఉంటుంది (ఉచిత కరెంటు రాగానే మోటారు దానంతట అదే నడిచేలా ఆటో స్టార్టరు తగిలించాక గొట్టంలోకి తొంగిచూసేదెవరన్నది వేరే సంగతి). కాలువ చివరి భూముల్లో అలా కాదు. మడి నుంచి మడికి పారే నీరు అది. మళ్లీ తడి ఎప్పుడొస్తుందో తెలియని రైతు, దొరికిన రోజే గట్టు నిండా పెట్టుకుంటాడు. దాన్ని అవగాహన లోపం అనడం అన్యాయం.

పరిశోధన మడి దాటి తూము దగ్గరికి రావాలి. కాలువ పారుదల కొలిచే పార్షల్ ఫ్లూమ్ అమెరికాలోని కొలరాడోలో సుమారు వందేళ్ల కిందటే రూపొందింది. మన దగ్గర 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి గానీ, మా తూముకు ఎంత నీరు వచ్చిందో నేటికీ లెక్క లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని నీటి, భూ యాజమాన్య శిక్షణ, పరిశోధన సంస్థ వాలంతరి ఒక మైనరును (పిల్లకాలువను) ఎంచుకుని, తూముతూముకూ కొలత పెట్టి, వంతుల తేదీలు ముందే ప్రకటించి రెండు సీజన్లు నడిపి చూడాలి. ఫలితం ఎలా ఉన్నా, చివరి తూము రీడింగులతో సహా పత్రికలకివ్వాలి.

- ఒక చివరి ఆయకట్టు రైతు